రిమోటు నీ చేతుల, చప్పుడు ఊరి చెవుల

పాలకుర్తి,
ఆదివారం పొద్దుగాల

అల్లుడూ,

గ్యారేజీల తీసి నువ్వు పంపిన ఎగ్జాస్ట్ వీడియో చూసిన. ఇయర్‌ఫోన్ పెట్టుకొని మళ్లా విన్న. "ఎట్లున్నది మామా?" అని అడిగినవు. మంచిగున్నది, దాచుడెందుకు. వరుసగ ఆరు సిలిండర్లున్న ఇంజిన్ గొంతు విప్పితే మోటారు పని చేసినోడు ఎవ్వడైనా ఆగి వింటడు. కని రిమోటుతోని తెరిచే ఆ ఎగ్జాస్ట్ గొట్టం నీ కారుకు పెట్టాల్నా వద్దా అన్నది వేరే ముచ్చట. ఫోన్ల చెప్తే సగంల "సరే సరే మామా" అని పెట్టేస్తవు. అందుకే కాగితం మీద రాస్తున్న, మీ అత్త ఫోటోలు తీసి నీకు పంపుతది. గ్యారేజోళ్లకు అడ్వాన్సు ఇంకా ఇయ్యలేదన్నవు గద, ఇది చదివేదాక ఇయ్యకు.

నీ కోపంల న్యాయం ఉన్నది, అది ముందు ఒప్పుకుంట. అన్ని పైసలు పోసి ఎం340ఐ కొంటే, లోపల వినిపించే ఇంజిన్ చప్పుడుల కొంత స్పీకర్లలకెళ్లి వస్తదని తెలిసి నీకు మండింది. బీఎండబ్ల్యూ వాళ్లు 2011 నాటి ఎం5 సంది ఈ పని చేస్తున్నరు. ఇసుంటి కార్లల బయటి చప్పుడు లోపలికి రాకుండ తలుపులకు రబ్బర్ల మీద రబ్బర్లు పెడ్తరు, నేల కింద మందపు పరుపు వేస్తరు. అంతా చేసి, ఆపిన ఇంజిన్ చప్పుడునే స్పీకర్ల పెట్టి వినిపించుడు చూస్తే నాకూ నవ్వొస్తది. నువ్వు అసలుది కావాలన్నవు. కోరిక తప్పు కాదు. కని అసలు చప్పుడు ఎక్కడ పుడతదో, దాన్ని ఎవరు ఎట్ల చంపుతున్నరో తెలుసుకోకుండ గొట్టం మీద రంపం పెట్టొద్దు.

బస్సు డిపోల పని చేసేటప్పుడు, తుప్పు పట్టి పక్కన పడేసిన బస్సు సైలెన్సర్‌ను గ్యాస్ కటింగ్‌తోని నిలువునా చీల్చి అప్రెంటిస్ పిల్లల ముందల పెట్టేటోణ్ని. పైనుంచి చూస్తే ఉత్త రేకు డబ్బా. లోపల అర్రలు. అర్రకు అర్రకు నడుమ అడ్డు రేకు, ఆ రేకులను చీల్చుకొని పోయే గొట్టాలు, గొట్టాల నిండ సన్నటి బెజ్జాలు. ఒక గొట్టమైతే సీదా పోయి గోడకు ఎదురుగ ఆగిపోతది. గ్యాస్ అక్కడ గోడకు కొట్టుకొని, వెనుకకు మర్లి, ఇంకో గొట్టంల దూరి ముందటి అర్రలకు వస్తది, అక్కడి నుంచి మళ్లా వెనుకకు. వేలు పెట్టి రాస్తే మెత్తటి మసి అంటేది. కొన్ని డబ్బాలల్ల బెజ్జాల గొట్టం చుట్టూ గాజు ఉన్ని కూరి ఉంటది. పాతబడితే అది నల్లగయి పొడిపొడిగ రాలుతది. చప్పుడంటే గ్యాస్ కాదు, గ్యాస్‌ల నడిచే అల. గోడకు తగిలి తిరిగొచ్చిన అల, వెనుక నుంచి వచ్చే అలకు ఎదురుపడి రెండూ ఒకదాన్నొకటి తినేస్తయి. మిగిలిన కీచుదనం బెజ్జాలల్లకెళ్లి ఉన్నిలకు పోయి వేడిగ మారుతది. నీ కారు వెనక డబ్బాల కూడ ఇదే పని. కాకపోతే ఆ అర్ర ఎంత పొడుగుండాలె, ఆ బెజ్జం ఎంత ఉండాలె అని లెక్క కట్టేటందుకు వాళ్లు ఏండ్లు కూర్చుంటరు. సెడాన్ ధరల ఈ మౌనానికి కూడ వాటా ఉంటది. నువ్వు మళ్లా లక్షలు పెట్టి దాన్ని తీయించుకుంట అంటున్నవు.

కొత్త సెట్టుల ఏమున్నదంటే, ఈ అర్రలను తప్పించుకొని పోయే అడ్డదారి. లావుపాటి గొట్టం, దాంట్ల ఇరుసు మీద తిరిగే గుండ్రటి స్టీలు బిళ్ల, వాల్వ్ అంటే అదే. బిళ్ల అడ్డం తిరిగితే గ్యాస్ అర్రలకు పోతది, నిలువు తిరిగితే సీదా బయటికి. తిప్పేది చిన్న కరెంటు మోటారన్న కావచ్చు, ఇంజిన్ వాక్యూంతోని గుంజే డబ్బీ అన్న కావచ్చు. ఇదేం కొత్త తెలివి కాదు. ఇండియానా రాష్ట్రపు రీవ్స్ అన్నదమ్ములు మోటారు బండి సైలెన్సర్‌కు 1897ల పేటెంటు తీసుకున్నరు. ఆ తర్వాత కొద్ది ఏండ్లకే దాన్ని తప్పించే కటౌట్ వచ్చింది. సైలెన్సర్ కంటే ముందల గొట్టానికి ఒక తలుపు, దాన్ని తెరవనీకి డ్రైవర్ కాలు దగ్గర ఒక పెడలు. ఊరి బయట తెరవాలె, ఊర్లెకు రాంగనే మూయాలె అన్నది మాట. మూసిన్రా? చాన పట్టణాలు ఏకంగ కటౌట్లే వద్దని చట్టం చేసుకున్నయి. నూరేండ్ల కింద పెడలు, ఇప్పుడు రిమోటు. కాలు పని చెయ్యికి వచ్చింది, అంతే తేడా.

ఇప్పుడు గ్యారేజోళ్లు నీకు చెప్పని లెక్క చెప్తున్న, జర ఓపికగ చదువు. ఆరు సిలిండర్ల ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే మూడు సార్లు పేలుతది. జనగాం దాటినంక హైవే మీద 2,000 ఆర్‌పీఎంల పోతున్నవనుకో. నిమిషానికి 6,000 పేలుళ్లు, అంటే సెకనుకు 100. తలుపులు మూసిన కారు లోపలి గాలికి సరిగ్గ ఆ చుట్టుపక్కల మోగే గుణం ఉంటది. ఖాళీ బిందెల తల పెట్టి మాట్లాడితే ఎట్లుంటదో అట్ల గుమ్మని చెవులల్ల నిండుతది. పాట వినరాదు, పక్కన కూసున్న మనిషి మాట వినరాదు, గంట గడిస్తే తల బరువెక్కుతది. ఇది నీ వీడియోల పట్టదు. ఆ లోతు చప్పుడు ఫోను మైకుకు సరిగ్గ అందదు, పైగ బండి నిలబడి ఉన్నది. గ్యారేజీల ఎక్సిలేటర్ తొక్కి చూపించుడు అమ్మేటోనికి సులువు. నువ్వు గంటల తరబడి తోలేది 2,000 మీద. ఆ పేలుడు బయటికి పోయే తొవ్వ పక్కన, ఒక కొన మూసిన గొట్టం, మీటరుకు అటు ఇటు పొడుగుది, సరిగ్గ కొలిచి అతికిస్తే ఆ గుమ్మనుడు చాన తగ్గుతది. స్లొవేనియా అక్రపోవిచ్, ఆస్ట్రియా రెమస్ లాంటి కంపెనీలు ఒక్కొక్క మాడల్‌కు కొలిచి తయారు చేస్తయి. నువ్వు చూసింది ఏ కారుకైనా పట్టే డబ్బా, గొట్టం మాత్రం అక్కడనే కోసి వెల్డింగ్ పెడ్తరు. దాంట్ల ఈ కొలత ఎవరు చూసిన్రు?

ఇంకొకటి. "మూసి పెడితే కంపెనీ చప్పుడే" అన్నరట. కాదు. మూసినంక గ్యాస్ పోయేది వాళ్ల చిన్న డబ్బాలకు, బీఎండబ్ల్యూ పెట్టిన పెద్ద డబ్బాలకు కాదు. అది ఎప్పుడో పాత ఇనుప సామాను కిందికి పోయి ఉంటది. బిళ్ల కూడ ఎప్పుడూ ఒక్క తీరు మూసుకోదు. రోజూ బాగ కాలి, చల్లారి, మసి పట్టి, ఇరుసు కాడ సందు పడ్తది. పొద్దుగాల చల్లటి ఇంజిన్ స్టార్టు చేస్తే కటకట కొట్టుకుంటది. ఒకనాడు సగంల బిగుసుకుంటది.

పవర్ పెరుగుతది అన్నది నమ్మకు. టర్బో ఇంజిన్‌ల గ్యాస్‌కు పెద్ద అడ్డం టర్బో, దాని వెనుకనే క్యాట్, అంటే క్యాటలిటిక్ కన్వర్టర్. వాటి తర్వాత, బంపరు కింద ఏం మార్చినా నీ పాదానికి తెలిసేంత రాదు. అందుకే వాళ్లు మెల్లగ రెండో మాట తెస్తరు: "అన్నా, క్యాట్ లేని డౌన్‌పైప్ కూడ వేద్దాం." ఆ మాట వచ్చిన నిమిషమే తాళంచెవి తీసుకొని లేసి రా. క్యాట్‌ల తేనెపట్టు అర్రలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటది, కార్బన్ మోనాక్సైడ్‌ను, నైట్రోజన్ ఆక్సైడ్లను విరిచేది అదే. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మే ప్రతి కారు బీఎస్-6. క్యాట్ తర్వాత ఒక సెన్సార్ కూసొని ఎప్పటికప్పుడు లెక్క చూస్తది. క్యాట్ పీకినోడు దాన్ని మోసం చెయ్యనీకి కంప్యూటర్‌ల కోడు కూడ మార్చాలె. ఒక దొంగతనం కప్పనీకి ఇంకోటి.

చట్టం ముచ్చట. "ఆర్‌సీల సైలెన్సర్ పేరే లేదు మామా" అని నువ్వంటవని తెలుసు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్‌సీ మాటే చెప్తది గని, 2019 జనవరిల కేరళ నుంచి వచ్చిన ఒక కేసుల సుప్రీంకోర్టు దాన్ని చదివిన తీరు వేరే. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగ బండిని మార్చరాదు అన్నది. అదే ఏడు వచ్చిన సవరణల 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 జుర్మానా గని, ఆరు నెలల దాక జైలు గని, రెండూ గని. చప్పుడు, పొగ హద్దు దాటితే 190(2) కింద మొదటిసారికి 10,000 దాక జుర్మానా గని, మూడు నెలల దాక జైలు గని, రెండూ గని, దాని మీద మూడు నెలలు లైసెన్స్ బందు అని రాసి ఉన్నది. నీ కారు లాంటిదానికి కంపెనీ పాస్ కావాల్సిన చప్పుడు హద్దు 74 డెసిబెల్స్. పది డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి పది రెట్లు, ఇరవై పెరిగితే నూరు రెట్లు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉన్నది గద అని మురవకు, ఆ మిషను పొగ చూస్తది, దానికి చెవులు లేవు. వాల్వ్ మూసి పెట్టి పోలీసు ముందట నిలబడితే సరిపోతది అనుకుంటున్నవా? యూరప్ రూలు ప్రకారం చేత్తోని మార్చే మోడ్లు ఎన్ని ఉంటే అన్నిట్ల ఆ ఎగ్జాస్ట్ పాస్ కావాలె. నాకు అదే న్యాయం అనిపిస్తది. బండిని తూచాల్సింది అది ఎంత అరవగలదో చూసి, అప్పుడు ఎంత అరుస్తున్నదో చూసి కాదు.

హైదరాబాద్‌ల, విశాఖల పోలీసోళ్లు రోడ్ రోలర్ కింద సైలెన్సర్లు తొక్కిచ్చిన వీడియోలు నువ్వే నాకు పంపి నవ్వినవు. ఆ కుప్పల ఉన్నవి బుల్లెట్ పిలగాండ్లవి. కిస్తీల మీద బండి కొన్నోని సైలెన్సర్ రోలర్ కిందికి పోతది, డెబ్బై లక్షల కారోడు అద్దం దించి నవ్వితే పంపిస్తరు అన్న ధైర్యం నీ మాటల కనిపిస్తది. అది నాకు నచ్చలేదు.

"ఊర్లె మూసే పెడ్త, హైవే మీదనే తెరుస్త" అన్నవు. హైవే మీద ఊర్లు లేవా? పెంబర్తి, ఆలేరు, భువనగిరి, బీబీనగర్, ఘట్‌కేసర్... నీకు అది తొవ్వ, వాళ్లకు ఇల్లు. బడి, దవాఖాన చుట్టూ నూరు మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం అని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెప్తయి. మనుషులుండే కాడ రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాక హద్దు 45 డెసిబెల్స్. ఆఫీసు అయిపోయినంక బయల్దేరి నువ్వు పాలకుర్తికి వచ్చేది ఎప్పుడూ పదకొండు దాటినంకనే. మన గల్లీల ఎదురింటి బిడ్డకు మొన్ననే కాన్పయింది. మీ అమ్మమ్మకు నిద్ర పట్టేదే ఆ యాళ్లకు. ఊరి బయట రోడ్డు మీద తెరిచిన బిళ్లను గల్లీ మలుపు కాడ మూయాల్నన్న సోయి నీకు ప్రతిసారి ఉంటదా? మరిచిపోయేటోనివని కాదు, ఆ చప్పుడు మీద ప్రేమ ఉన్నోనివి గనుక అడుగుతున్న. శివరాత్రికైతే సోమేశ్వరుని గుట్ట కింద కాలు పెట్ట జాగ ఉండదు. పిల్లలను భుజాలకెత్తుకొని జనం నడుస్తుంటే వాళ్ల నడుమ ఆ ఇంజిన్ అరిపించుడు ఎట్లుంటదో నువ్వే ఆలోచించు.

ఇగ నా సలహా. నీ బండికి కంపెనీ ఇచ్చిన దాంట్లనే ఫ్లాప్ ఉన్నది. స్పోర్ట్ మోడ్ల పెట్టి, గేర్లు చేత్తోని మార్చుకుంట, కిటికీ దించి ఒక్కసారి తోలి చూడు. స్పీకర్ చప్పుడు మీదనే కోపమైతే, దాన్ని బందు పెట్టుడు కుదురుతదేమో కంపెనీ సర్వీసోళ్లను అడుగు. సగం రోగం అక్కడనే కుదురుతది. అయినా మనసు ఆగకపోతే, కంపెనీ యాక్సెసరీల నీ మాడల్‌కు దొరికే వెనక డబ్బా ఏమన్నా ఉన్నదా కనుక్కో. ఇక్కడ రోడ్డు మీద నడుపనీకి అనుమతి ఉన్నట్టు కాగితం ఇస్తెనే తీసుకో. క్యాట్‌ను ముట్టనియ్యకు, నడిమి గొట్టం కోయనియ్యకు, బోల్టులతోని విప్పి బోల్టులతోని బిగించేదే పెట్టించు. వాల్వ్ నీ కారు సొంత ఫ్లాప్ మోటారుకు తగిలేది కావాలె, రిమోటు కోసం వైరింగ్ కోసేది వద్దు. వైర్లు కోసినంక ఎక్కడన్న పొగ లేస్తే ఇన్సూరెన్సోళ్లు మొదట అడిగేది దాని గురించే. వాక్యూందైతే, పైపు ఊడినప్పుడు తెరుచుకుంటదా మూసుకుంటదా అడుగు, మూసుకునేదే తీసుకో. విప్పిన డబ్బాను గ్యారేజీల వదలకు. మన కొట్టంల జాగ ఉన్నది, గోనెసంచిల కట్టి పంపు.

వాళ్లకు అడ్వాన్సు ఇచ్చేకంటే ముందు కారును ర్యాంపు ఎక్కించి కిందికెళ్లి ఫోటోలు తీయి. క్యాట్ వెనక జాయింటు ఒకటి, వెనక డబ్బా మీది ఫ్లాప్ మోటారు ఒకటి, వెల్డింగులు దగ్గరగ ఒకటి. అవి చూసినంక మిగతాది ఫోన్ల మాట్లాడుకుందాం. శివరాత్రికి ఏ రోజు వస్తవో మీ అమ్మకు ముందుగ చెప్పు, ఆమె అడిగి అడిగి నా ప్రాణం తీస్తున్నది.

ఆశీస్సులతో,
నీ మామ