ప్రవాసీ భారతీయ బీమా యోజన: గల్ఫ్ కార్మికులకు ఏం దక్కుతుంది?

పెండ్లిమర్రి లాంటి కడప జిల్లా పల్లెల నుంచి కువైట్‌కు ఇంటిపనికో, డ్రైవరు పనికో వెళ్లేవారిలో పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టుపై ‘ఈసీఆర్’ (వలస అనుమతి అవసరం) ముద్ర ఉంటుంది. 1983 నాటి వలస చట్టం కింద వీరు గల్ఫ్ సహా 18 దేశాల్లో పనికి వెళ్లాలంటే కేంద్రం అనుమతి తప్పనిసరి. ఆ అనుమతితో ముడిపడిందే ఈ బీమా. 2003లో మొదలైంది, 2017లో సవరించారు.

ప్రీమియం రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375, పన్ను అదనం. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా రూ.10 లక్షలు ఇస్తారు. వైద్యానికి రూ.లక్ష వరకు, మహిళల ప్రసూతికి రూ.50 వేల వరకు వస్తుంది. యజమాని మారినా ప్రమాద బీమా చెల్లుతుంది. అయితే గుండెపోటు లాంటి సహజ మరణానికి ఆ పది లక్షలు రావు. మండుటెండలో పనిచేసే మనవాళ్లకు ఇది పెద్ద లోటు.

ఈ బీమా కాక, కువైట్ కూడా 1999 నాటి 1వ నంబరు చట్టంతో విదేశీయుల ఆరోగ్య బీమాను అకామాకు (నివాస అనుమతికి) ముడిపెట్టింది. అత్యవసర వైద్యానికి, మృతదేహాన్ని స్వదేశానికి చేర్చడానికి మన రాయబార కార్యాలయాలు 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధిని వాడతాయి.