ర్యాంపు ఎక్కని రోబో బండి

ప్రశ్న: మాది నాపరాళ్ల పాలిష్ యూనిట్. 300 కిలోల బండలు మోయడానికి రెండు మోటార్లతో రోబో బండి చేసుకున్నాం. చదును నేల మీద బాగా పోతుంది. ర్యాంపు ఎక్కిస్తే మోటార్లు ముట్టుకోలేనంత వేడెక్కి ఆగిపోతున్నాయి. ఇంకా పెద్దవి వేయాలా?
– ఒక పాఠకుడు, ఎర్రగుంట్ల

జవాబు: కొత్త మోటార్లు కొనే ముందు గేర్‌బాక్స్ చూడండి. అది వేగాన్ని చాలినంత తగ్గించకపోతే ఎక్కుడులో మోటారు ఈడ్చుకుంటూ తిరుగుతుంది. విపరీతంగా కరెంటు లాగి కాగిపోతుంది.

బండితో కలిపి బరువు 400 కిలోలనుకుందాం. పది అడుగులకు ఒక అడుగు లేచే ర్యాంపుకు 40 కిలోల తోపు కావాలి, గరుకు నేలకు ఇంకో 20. చక్రం వ్యాసం 30 సెంటీమీటర్లైతే ఒక్కో మోటారు వైపు సుమారు 45 న్యూటన్ మీటర్ల టార్క్ అందాలి. గంటకు 3 కిలోమీటర్ల వేగం మీకు చాలు. అంటే చక్రం నిమిషానికి 53 చుట్లు తిరగాలి. 3000 చుట్ల మోటారుకు 60:1 గేర్‌బాక్స్ సరిపోతుంది. ఒక్కో మోటారు 500 వాట్లది ఉండేలా చూసుకోండి. మన ఎండలకు మోటారు శక్తిలో కొంత మిగులు ఉండాల్సిందే.

బండల బరువు మాత్రం గేర్‌బాక్స్ షాఫ్టు మీద పడనీయొద్దు. ఇరుసుకు విడిగా బేరింగులు పెట్టండి. రాతి బురద లోపలికి చొరని సీలు ఉన్నవే కొనండి.

కరెంటు ఆపగానే బండి వెనక్కి జారుతుంటే వెంటనే వాడకం ఆపేయండి. దానికి బ్రేకున్న మోటారు కావాలి. ప్రొద్దుటూరులోని యోగి వేమన విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల మెకానికల్ అధ్యాపకులకో, అనుభవమున్న ఇంజనీరుకో బండిని చూపించండి.