ప్రాచ్య విద్యార్థులు – ప్రాచీన చరిత్రలో స్నాతకోత్తర ప్రవేశం: అరసవల్లి పరిసరాల ఆధారంగా ఒక పరిశీలన

సంస్కృతాంధ్రాలలో ప్రవీణ పట్టం పొందిన విద్యార్థి ప్రాచీన చరిత్ర, పురావస్తు, శాసన శాస్త్రాలలో పై చదువులకు దరఖాస్తు చేసుకొన్నప్పుడు, అయిదారేళ్లు శ్రమించి సంపాదించిన అతని భాషాజ్ఞానం తరచుగా లెక్కకు రాకుండా పోతున్నది. దీనికి కారణాలు కొన్ని ఆయా సంస్థల నిబంధనలలో ఉన్నాయి. కొన్ని మన బోధనలో ఉన్నాయి. రెండింటినీ ఈ వ్యాసంలో పరిశీలించడం జరుగుతున్నది. ఉదాహరణలు అరసవల్లి, శ్రీముఖలింగం పరిసరాలలోనివి.

ముందుగా నిబంధనల విషయం. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నడిపే పురావస్తు స్నాతకోత్తర డిప్లొమాకు 2020లో వెలువడిన ప్రకటనలో అర్హత గల ప్రాచీన భాషలుగా సంస్కృతం, పాళి, ప్రాకృతం, అరబ్బీ, పారసీకం మాత్రమే ఉన్నాయి. తెలుగుకు ప్రాచీన భాషా ప్రతిపత్తి 2008లోనే లభించిందన్నది విదితమే. అయినా పన్నెండేళ్ల తరువాత తెలుగు ఎం.ఏ. చదివినవాడు ఆ చదువుకు అర్హుడు కాకపోయాడు. తమిళాన్ని విస్మరించారని తమిళనాడులో తీవ్రమైన నిరసన వచ్చింది. ఫలితంగా అదే సంవత్సరం అక్టోబరులో సవరించిన ప్రకటనలో తమిళంతోపాటు తెలుగు, కన్నడం, మలయాళం, ఒడియా కూడా చేరాయి. మన విద్యార్థికి ఆ ద్వారం తెరుచుకొన్నది ప్రధానంగా పొరుగువారి పట్టుదలవల్లనే. ప్రకటన వెలువడిన దినాననే దానిని చదివి, లోపం ఉంటే లిఖితపూర్వకంగా తెలిపే అలవాటు మన శాఖలకు అవసరం.

విదేశాల విషయం కొంత భిన్నం. అక్కడ ‘క్లాసిక్స్’ అనే శాఖ పేరుకు అర్థం సాధారణంగా గ్రీకు, లాటిన్ భాషల అధ్యయనమే. పేరు చూసి దరఖాస్తు పెట్టడం రుసుము దండుగ. మన విద్యార్థి వెతకవలసినవి దక్షిణాసియా అధ్యయన శాఖలు, సంస్కృతం బోధించే ప్రాచ్య శాఖలు. పరిశోధన స్థాయికి వచ్చేసరికి చాలా చోట్ల జర్మన్, ఫ్రెంచి భాషలను చదివి గ్రహించే శక్తిని ఆశిస్తారు. బోత్‌లింక్, రోత్ పండితుల బృహత్సంస్కృత నిఘంటువులో అర్థవివరణ జర్మన్‌లో ఉన్నదన్న ఒక్క సంగతి చాలు, ఆ ఆశింపు నిష్కారణం కాదనడానికి.

అన్నిటికంటె ముఖ్యమైనది రచనా నమూనా. అభ్యర్థి స్వయంగా రాసిన పరిశోధన వ్యాసం ఒకటి జతచేయమంటారు. మనవారు ఇక్కడే దెబ్బతింటున్నారు. ‘ప్రాచీన భారత సంస్కృతీ వైభవం’ వంటి శీర్షికతో రాసిన పుటలలో అభ్యర్థి ఏమి చదవగలడో, ఎట్లా ఆలోచించగలడో ఎవరికీ తెలియదు. శాసనం ఒక్కటి తీసుకొని దాని పాఠాన్ని, అన్వయాన్ని, కాలాన్ని విచారిస్తే తెలుస్తుంది.

ఈ మార్గానికి మన ప్రాంతంలోనే పూర్వాదర్శం ఉన్నది. గిడుగు వేంకట రామమూర్తి 1863లో శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. వ్యావహారిక భాషావాదిగా ఆయన అందరికీ పరిచితులు. ఆయన ముఖలింగ దేవాలయ శాసనాల ద్వారా ప్రాచీన లిపులు స్వయంగా నేర్చుకొన్నారన్న విషయం మన పాఠ్యక్రమంలో అంతగా చోటుచేసుకోలేదు. శకవర్షం 979 నాటి వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాలుగవ సంపుటంలో ప్రకటించినప్పుడు ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. ఆ సంపుటం ఆయన ఉద్యోగ హోదాను చూసి చోటివ్వలేదు. పాఠాన్ని చూసి ఇచ్చింది.

నేటి విద్యార్థికి అటువంటి సామగ్రి అందుబాటులోనే ఉన్నది. ముఖలింగ శాసనాలు ‘దక్షిణ భారత శాసనములు’ అయిదవ సంపుటంలో ముద్రితాలు. ఇంద్రవర్మ అచ్యుతాపురం తామ్రశాసనం గాంగ సంవత్సరం 87 నాటిది. గాంగ శకారంభం క్రీ.శ. 498 ప్రాంతమన్న పక్షాన్ని అంగీకరిస్తే అది ఆరవ శతాబ్ది చివరి పాదానికి చెందుతుంది. ప్రాచ్య గాంగులలో ఇంద్రవర్మలు, దేవేంద్రవర్మలు పలువురు. కనుక పేరు ఒక్కటే కాలాన్ని తేల్చదు.

ఈ చివరి మాట అరసవల్లికి నేరుగా వర్తిస్తుంది. శ్రీ సూర్యనారాయణస్వామి ఆలయాన్ని ఏడవ శతాబ్దిలో దేవేంద్రవర్మ నిర్మించాడని ప్రతీతి. ఇంద్రుడు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. నేటి కట్టడంలో చాలా భాగం పద్దెనిమిదవ శతాబ్ది పునర్నిర్మాణమని చెబుతారు. ఈ మూడింటినీ ఒకే వాక్యంలో కలిపి ‘అతిప్రాచీన ఆలయం’ అని రాస్తే నమూనా అక్కడే విఫలమవుతుంది. ప్రతీతిని ప్రతీతిగా, పురాణాన్ని పురాణంగా, కట్టడపు సాక్ష్యాన్ని సాక్ష్యంగా విడదీసి చూపడమే పరీక్షకులు కోరేది.

మార్చి 9–11, అక్టోబరు 1–3 తేదీలలో స్వామి పాదాలపై సూర్యకిరణాలు పడటం ప్రసిద్ధం. దీని ఆధారంగా ఆలయ కాలనిర్ణయం చేయాలని ఉత్సాహపడే విద్యార్థులుంటారు. జ్యోతిషం చదివినవారు ఒక్క క్షణం ఆలోచిస్తే, ఆ రెండు సందర్భాలలోనూ సూర్యుని దక్షిణ క్రాంతి ఇంచుమించు నాలుగు భాగలే. ఉత్తరంగా వచ్చేటప్పుడు ఒకసారి, దక్షిణంగా పోయేటప్పుడు ఒకసారి రవి అదే స్థానంలో ఉదయిస్తాడు. అనగా రెండు అద్భుతాలు కావు, ఒకే విషయం. పైగా ఏ శతాబ్దిలోనైనా ఏటా ఇది జరిగేదే. ఆలయం ఏ దిక్కుకు తిరిగి ఉన్నదో ఇది చెబుతుంది గాని ఎప్పుడు కట్టారో చెప్పదు. ఇంతమాత్రం నాలుగు పుటలలో నిరూపించిన విద్యార్థి నమూనా నలభై పుటల ప్రశస్తికంటె బలమైనది.

ధనం సంగతి క్లుప్తంగా. షెడ్యూల్డు కులాలు మొదలైన వర్గాల విద్యార్థులకు కేంద్రప్రభుత్వం ఇచ్చే జాతీయ విదేశీ విద్యార్థి వేతనం 2022 మార్గదర్శకాలు భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర విషయాలపై పరిశోధనను మినహాయించాయి. కళింగ శాసనాలపై విదేశంలో పరిశోధించదలచిన పేద విద్యార్థికి ఇది పెద్ద అవరోధం. ఇటువంటి అంశాలకు సామగ్రి అంతా ఇక్కడే ఉన్నదన్న వాదం పైకి సమంజసంగా తోస్తుంది. కాని విద్యార్థి అక్కడికి వెళ్లేది సామగ్రికోసం మాత్రమే కాదు, పద్ధతికోసం కూడా. అటువంటివారు దరఖాస్తుకు ముందే ఆ సంవత్సరపు మార్గదర్శకాలు చూసుకొని, విశ్వవిద్యాలయమే జీవనభృతి ఇచ్చే పరిశోధన స్థానాలవైపు మొగ్గడం యుక్తం.

ఇక సిఫారసు లేఖ. ఇది పూర్తిగా మన చేతిలోనిది. ‘సచ్ఛీలుడు, వినయసంపన్నుడు, గురుభక్తి కలవాడు’ అని మనం రాసే లేఖ ఏ విద్యార్థికైనా సరిపోతుంది. అందుచేతనే ఎవరికీ ఉపకరించదు. విద్యార్థి ఏ గ్రంథాన్ని ఎంతవరకు గురుముఖతః చదివాడు, చూడని శ్లోకాన్ని నిఘంటువు లేకుండా ఎంతవరకు అన్వయించగలడు, ఏ శాసనపు అచ్చుప్రతిని ఛాయాచిత్రంతో పోల్చి ఎన్ని పాఠభేదాలు గుర్తించాడు, వాటిలో ఏవి నిలిచాయి అన్నవి రాయాలి. అట్లా రాయాలంటే విద్యార్థిచేత ఆ పని ముందుగా చేయించి ఉండాలి. ప్రవీణ చివరి సంవత్సరంలో వారానికి ఒక గంట ముఖలింగ శాసన పఠనానికి కేటాయిస్తే, మరుసటి ఏడు లేఖ రాసేనాటికి రాయదగినది ఉంటుంది.