భగ్నహృదయమును అలసిన దేహమును

పఠనభాగములు: 1 రాజులు 19:1–18, 2 సమూయేలు 13:1–22, కీర్తనలు 42

మీకు మిక్కిలి ఇష్టమైన చలనచిత్రమేది అని తెలుగువారిలో పెద్దలను అడిగినచో, 1953లో వెలువడిన "దేవదాసు" పేరు చెప్పువారు నేటికిని ఉన్నారు. వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నటించిన ఆ చిత్రమునకు మూలము శరత్‌చంద్ర చట్టోపాధ్యాయుని వంగ నవల. అది 1917లో ప్రచురింపబడెను. కథ అందరికిని తెలిసినదే. బాల్యసఖియైన పార్వతిని పెండ్లాడుటకు పెద్దలు సమ్మతింపరు. ఎదిరించి నిలుచు ధైర్యము దేవదాసునకు చాలదు. ఆమె వేరొకరి భార్యయగును. అతడు మద్యమునకు బానిసయై, రోగగ్రస్తుడై, తుదకు ఆమె ఇంటి ముంగిట ప్రాణము విడుచును.

తరతరములవారు అతని కొరకు కన్నీరు విడిచిరి. సినిమాలు చూడవచ్చునా, కూడదా అను వాదము క్రైస్తవ గృహములలో చాలకాలము జరిగినది. అయితే ఆ వాదముకంటె లోతైన ప్రశ్న యొకటి ఉన్నది. అట్టి కథను చూచి ఇంటికి మరలినవాని హృదయము ఏమి నేర్చుకొని వచ్చెను? ఎవరి గాయమును చూచెను? ఎవరి గాయమును చూడక విడిచెను?

1. మరువబడిన మచ్చ

ఆ నవలలో ఒక ఘట్టమున్నది. పార్వతి వివాహము వేరొకరితో నిశ్చయమైన తరువాత, దేవదాసు కోపావేశమున చేపలు పట్టు గాలపు కఱ్ఱతో ఆమె నుదుటిమీద కొట్టి గాయపరచును. అతడు త్రాగి త్రాగి నశించుట లోకమునకు జ్ఞాపకమున్నది; ఆమె నుదుటి గాయము అంతగా జ్ఞాపకము లేదు.

భగ్నప్రేమ రెండువైపుల పదునుగల కత్తి. ఒకవైపు దానిని పట్టుకొనినవానిని కోయును, రెండవవైపు ఎదుటివారిని కోయును. తన్ను తాను పాడుచేసికొనువానిని లోకము ప్రేమమూర్తియని పిలుచును. కాని అతడే మరియొకరిని గాయపరచుటకును సిద్ధముగా ఉండునని తెలిసికొనదు.

పరిశుద్ధగ్రంథము ఈ సంగతిని దాచలేదు. దావీదు కుమారుడైన అమ్నోను తామారు విషయమై కలిగిన కోరికచేత చిక్కి వ్యాధిగ్రస్తుడాయెను. ఆ సమయమున అతనికి దొరికినది మంచి వైద్యుడు కాదు, మంచి కాపరియు కాదు. యోనాదాబను కపటియైన స్నేహితుడు. రోగినని నటించుమని అతడు ఆలోచన చెప్పెను. తామారు సేవచేయుటకు వచ్చి, రొట్టెలు కాల్చిపెట్టి, బలాత్కారమునకు గురియాయెను. అటుపిమ్మట అమ్నోను ద్వేషము అతని మునుపటి ప్రేమను మించిపోయెనని లేఖనము సాక్ష్యమిచ్చుచున్నది. తన్ను తానే కోరుకొనిన ప్రేమ ఎంతలో ద్వేషమగునో ఆ అధ్యాయము చూపుచున్నది. నిరాకరించిన కన్యలమీద ఆమ్లము పోయు దుష్కార్యములు హెచ్చగా, భారతదేశమున 2013లో దానిని ప్రత్యేక నేరముగా శాసనము చేయవలసివచ్చెను. అమ్నోను ఆత్మ పురాతనకాలముతో గతింపలేదు.

2. సవానా పట్టణమున ఒక బోధకుడు

ఇట్టి గాయము అన్యులకు, భ్రష్టులకు మాత్రమే తగులునని తలంచుట పొరపాటు. మెథడిస్టు ఉజ్జీవమునకు నాయకుడైన జాన్ వెస్లీ జీవితమే దీనికి దృష్టాంతము. 1924లో ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయమును కట్టించినవారు ఆయన పేరు ధరించిన మిషను సేవకులే. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘములో మెథడిస్టులును చేరిరి. కావున ఆయన కథ తెలుగు సంఘమునకు పరాయి కథ కాదు.

1735లో వెస్లీ ఇంగ్లండు విడిచి, మరుసటి సంవత్సరారంభమున అమెరికాలోని జార్జియా వలసరాజ్యము చేరెను. అప్పటికి ఆయన వయస్సు 32 సంవత్సరములు. సవానా పట్టణమున ముఖ్య న్యాయాధిపతియైన థామస్ కాస్టన్ ఇంట సోఫియా హాప్కీ అను యువతి ఉండెను. ఆమె కాస్టన్ భార్యకు బంధువు. ఆమెకు వెస్లీ ఫ్రెంచి భాష నేర్పెను. ఆయనకు జ్వరము వచ్చినప్పుడు ఆమె పరిచర్య చేసెను. ప్రేమ చిగిర్చెను. కాని వివాహము తన సేవకు ఆటంకమగునేమో అను భయము ఆయనను విడువలేదు. మాట తేటగా అడుగలేదు. ఆశను పూర్తిగా విడువనూ లేదు. తుదకు 1737 మార్చిలో చీట్లు వేసి దేవుని చిత్తము తెలిసికొనదలచెను. మూడు చీట్లలో ఒకటి వివాహము చేసికొనుమనునది, రెండవది ఈ సంవత్సరము ఆ తలంపు వలదనునది, మూడవది ఇక ఎన్నడును తలంపవలదనునది. వచ్చినది మూడవది.

కొలది దినములలోనే, మార్చి 12వ తేదీన, సోఫియా విలియం విలియంసన్ అనువానిని వివాహమాడెను. వెస్లీ హృదయము విరిగెను. అంతవరకు ఆయనపై నింద మోపుటకు కారణము తక్కువ. సంకోచించుట నేరము కాదు, దుఃఖించుట పాపము కాదు. కాని ఆగస్టు 7న ప్రభువు బల్లయొద్దకు వచ్చిన ఆమెకు ఆయన రొట్టెను, ద్రాక్షారసమును నిరాకరించెను. సంస్కారములో పాలుపొందగోరువారు ముందుగా కాపరికి తెలుపవలెనను నియమమును ఆమె పాటింపలేదనియు, తాను చూపిన తప్పులకు ఆమె పశ్చాత్తాపము తెలుపలేదనియు ఆయన కారణము చెప్పెను. నియమము నిజముగా ప్రార్థన గ్రంథములో ఉన్నదే. అయితే ఊరివారు ఆ క్రియలో కాపరి చేతిని కాదు, విరిగిన ప్రియుని చేతిని చూచిరి. విలియంసన్ వెయ్యి పౌండ్ల పరిహారము కోరి వ్యాజ్యము వేసెను; న్యాయసభ ఎదుట పది ఆరోపణలు నిలిచెను. డిసెంబరు 2న వెస్లీ జార్జియా విడిచి వెళ్లెను. మరల అక్కడికి రాలేదు.

ఇక్కడ ఒక పాఠమున్నది. అది కాపరులకును పెద్దలకును మరి ముఖ్యము. దేవదాసు తన గాయముమీద మద్యము పోసెను. వెస్లీ తన గాయమునకు సంఘక్రమశిక్షణయను వస్త్రము తొడిగెను. మొదటిది అందరికిని కనబడు తప్పు. రెండవది భక్తివేషములో ఉండుటవలన చేసినవానికే కనబడని తప్పు. చీటిలో వచ్చిన మాటను దైవచిత్తమని అంగీకరించిన మనుష్యుడు, నిజముగా ఆమెను దేవునికి అప్పగించియుండినచో, అయిదు నెలల తరువాత ప్రభువు బల్లయొద్ద ఆమెతో లెక్క చూచుకొనవలసిన పని లేదు.

3. రోగశయ్యయొద్ద పుట్టిన నిర్ణయములు

1738 మే 24న లండనులోని ఆల్డర్స్‌గేటు వీధిలో వెస్లీ పొందిన ఆత్మీయానుభవము లోకప్రసిద్ధము. ఆ దినముతో ఆయన హృదయపు చిక్కులన్నియు తీరెనని తలంచుట సహజము. చరిత్ర అట్లు చెప్పదు. 1748లో న్యూకాసిలులో ఆయన రోగియై పడియుండగా, గ్రేస్ ముర్రే అను విధవరాలు పరిచర్య చేసెను. ఆమెను వివాహమాడగోరెను. మరుసటి సంవత్సరము, ఆయన సహోదరుడైన చార్లెస్ జోక్యమువలన, ఆమె జాన్ బెన్నెట్ అను బోధకునికి భార్యయాయెను. మరల 1751 ఫిబ్రవరిలో లండను వంతెనమీద గడ్డకట్టిన మంచుపై కాలుజారి పడి, మేరీ వజీల్ అను విధవరాలి ఇంట విశ్రాంతి తీసికొనెను. రెండు వారములు నిండకముందే ఆమెను వివాహమాడెను. ఆ కాపురము సుఖప్రదము కాలేదు. 1771లో ఆమె ఇల్లు విడిచి వెళ్లెను. 1781లో ఆమె మరణించినప్పుడు, సమాధిచేయబడిన తరువాతగాని ఆయనకు ఆ వార్త అందలేదు.

మూడు వృత్తాంతములను ప్రక్కప్రక్కన పెట్టి చదువువానికి ఒక సంగతి కనబడును. సవానాలో జ్వరము, న్యూకాసిలులో రోగము, లండనులో గాయపడిన కాలు. మూడుమారులును దేహము బలహీనమైయుండెను. మూడుమారులును ఒక స్త్రీ దయతో పరిచర్య చేసెను. ఆ దయకు కృతజ్ఞత కలుగుట ధర్మమే. కాని రోగశయ్యయొద్ద పుట్టిన కృతజ్ఞత జీవితకాల నిర్ణయమునకు చాలిన పునాది కాదు.

ఆశ్చర్యమేమనగా, దేహమునుగూర్చి అంతగా ఆలోచించిన బోధకులు ఆ కాలమున అరుదు. వైద్యునికి రుసుము చెల్లింపలేని బీదల కొరకు ఆయన 1746లో ఔషధశాల తెరచెను; 1747లో గృహవైద్య గ్రంథమును ప్రకటించెను. మితాహారము, వ్యాయామము, వేళకు నిద్ర అను వాటిని అందులో బోధించెను. మనోవికారములు ఆరోగ్యమును జనులు తలంచుదానికంటె ఎక్కువగా శాసించునని కూడ ఆయన గ్రహించెను. ఇతరులకు తెలిపిన ఈ సత్యమును తన విషయములో అన్వయించుకొనుట ఆయనకే కష్టమాయెను. ఎరుగుట వేరు, తన గాయమును తానే చూచుట వేరు. అందుచేతనే ప్రతివానికిని సహోదరుడొకడు కావలెను.

దుఃఖము దేహమును తాకుననుట వట్టి మాట కాదు. 1990లో జపాను వైద్యులు ఒక హృదయవ్యాధిని వర్ణించిరి. తీవ్రమైన శోకముగాని భయముగాని కలిగినప్పుడు, గుండెలో ఒక భాగము తాత్కాలికముగా బలహీనమై ఉబ్బును. దాని ఆకారము ఆ దేశపు జాలరులు అష్టపాదిని పట్టు కుండవలె ఉండుటచేత దానికి ఆ కుండ పేరే పెట్టిరి. చికిత్స పొందినవారిలో అధికులు కొన్ని వారములలో కోలుకొందురు. హృదయము విరిగెనను లోకోక్తిలో కొంత శరీరసత్యమున్నది. కావున దుఃఖములో ఛాతీనొప్పి కలిగినవానిని "విశ్వాసము లేదు" అని గద్దించుట క్రూరత్వము. వానిని వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను.

4. బదరీవృక్షము క్రింద

ఏలీయా దుఃఖము ప్రేమవైఫల్యమువలన కలిగినది కాదు. అయినను బ్రదుకుమీద ఆశ విడిచినవానితో దేవుడు ఎట్లు వ్యవహరించునో చూపుటకు 1 రాజులు 19వ అధ్యాయమును మించినది లేదు. యెజెబెలునకు భయపడి పరుగెత్తిన ప్రవక్త అరణ్యములో బదరీవృక్షము క్రింద కూర్చుండి మరణము కోరెను.

దేవుడు మొదట ప్రసంగము చేయలేదు. మొదట నిద్ర, తరువాత దూత స్పర్శ, తరువాత కాలిన అప్పము, నీళ్లు. మరల నిద్ర, మరల భోజనము. ప్రయాణము అతని శక్తికి మించినదని దూత ఒప్పుకొనెను. బలహీనతను నేరముగా ఎంచలేదు. హోరేబు చేరిన తరువాతనే దేవుడు ప్రశ్న వేసెను. ఏలీయా తన మనోవ్యథనంతయు చెప్పుకొనెను. అదే ప్రశ్న మరల వచ్చెను. అదే జవాబు మరల చెప్పెను. రెండుమారులును దేవుడు వినెను. పిమ్మట చేయవలసిన పని నియమించెను, ఎలీషా అను తోడును ఇచ్చెను, ఒంటరినను తలంపును ఏడువేలమంది సంగతి తెలిపి సరిదిద్దెను.

ఈ క్రమము గమనింపదగినది: దేహమునకు విశ్రాంతి, హృదయమునకు మాటలాడు స్వేచ్ఛ, అటుపిమ్మట పని, తోడు. క్రమమును తలక్రిందులు చేయువారు అనేకులు. పెండ్లి తప్పిపోయిన యువతికి మొదటి వారములోనే "ఇది దేవుని చిత్తము" అని చెప్పుదురు. ఆమె మూడు దినములుగా అన్నము ముట్టలేదని అడుగరు. అది సత్యమే కావచ్చును; కాని వేళకాని వేళ చెప్పిన సత్యము ఆకలిగొన్నవానికి ఇచ్చిన రాయివంటిది.

42వ కీర్తనకారుడు మరియొక మేలు నేర్పుచున్నాడు. అతడు తన కన్నీటిని దాచలేదు, మరియొకరిమీద విసరలేదు, తన ప్రాణమునే ప్రశ్నించి, దానిని దేవుని తట్టు త్రిప్పెను. దేవదాసు మార్గమునకును, సవానా కాపరి మార్గమునకును వేరైన మూడవ మార్గమిది. గాయమును గాయమని ఒప్పుకొనుట, దానికి వేరు పేరు పెట్టకుండుట, దానిని దేవుని యెదుటను, నమ్మదగిన యొకని యెదుటను విప్పుట.

5. గృహమును సంఘమును చేయవలసినది

నిరాశలోనున్నవాడు అలసిన దేహముతో పెద్ద నిర్ణయములు చేయకుండ ఇంటివారు కాపాడవలెను. క్రొత్త సంబంధము వెంటనే కుదుర్చుట మందు కాదు. మద్యము, నిద్రమాత్రలు చేరువలో ఉంచరాదు. నిద్ర, ఆహారము, పని చెడి రెండు వారములు గడచినచో వైద్యుని చూపవలెను. చనిపోవుదునని పలుకువాని మాటను బెదిరింపుగా కొట్టివేయరాదు. వానిని ఒంటరిగా విడువరాదు. భారత ప్రభుత్వము 2022లో ఆరంభించిన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి తెలుగులోను మాటలాడవచ్చును. ఇది అవిశ్వాసము కాదు. బదరీవృక్షము క్రిందికి దూతను పంపిన దేవుడు నేడును మనుష్యుల చేతులద్వారా అప్పము పంపును.

నిరాకరించిన వ్యక్తి గౌరవమును కాపాడుటయు సంఘము బాధ్యతయే. కాదనుటకు ఆమెకుగాని అతనికిగాని స్వేచ్ఛ ఉన్నది. ఆ స్వేచ్ఛను గౌరవించుటయే ప్రేమ నిజమైనదనుటకు మొదటి ఋజువు. తన గాయము మానకముందు ఎదుటివారి తప్పులను విచారించు స్థానములో ఎవడును కూర్చుండరాదు. ఆ పని వేరొకరికి అప్పగింపవలెను.

1753లో వెస్లీ మరణము సమీపించెనని తలంచి తన సమాధిఫలకముపై చెక్కవలసిన మాటలను తానే వ్రాసికొనెను. అయినను 1791 మార్చి 2 వరకు, 87 సంవత్సరముల వయస్సువరకు జీవించెను. సవానాలో సిగ్గుపడి వెడలినవానిని దేవుడు త్రోసివేయలేదు. విరిగిన హృదయముతోను, పొరపాట్లతోను నిండిన పాత్రనే ఆయన వాడుకొనెను. ఇది తప్పులకు సమర్థన కాదు, తప్పినవారికి ఆదరణ.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. మీకు ఇష్టమైన చలనచిత్రములో ఎవరి దుఃఖము చూపబడినది? ఎవరి దుఃఖము మరుగుపడినది?
2. వెస్లీ సోఫియాకు ప్రభు భోజనమును నిరాకరించిన సందర్భములో, నియమమునకును స్వంత గాయమునకును గల భేదమును ఎట్లు గుర్తింపవచ్చును?
3. ఏలీయాకు దేవుడు చేసిన మేళ్ల వరుసను వ్రాయుడి. మీ ఇంట దుఃఖములో ఉన్నవారికి వాటిలో ఏది ఇంకను అందలేదు?

ప్రార్థనాంశము: ప్రేమలో నిరాశ చెంది, ఎవరితోను చెప్పుకొనలేక నిద్రలేని రాత్రులు గడపుచున్నవారి కొరకును, వారి తలుపు తట్టవలసిన సహోదరుల కొరకును.