వంటింటికి వచ్చిన కొత్త మాట

ఒక దేశపు వంట మరో దేశం చేరాలంటే ఏమేమి కావాలి? దినుసులు, పాత్రలు కావాలంటారు మీరు. నిజమే. ఒక్కొక్కప్పుడు కొత్త మాట కూడా కావలసివస్తుంది!

బువే యాంగ్ చావో 1889లో చైనాలోని నాన్‌జింగ్‌లో జన్మించారు. టోక్యోలో వైద్యం చదివే రోజుల్లో, అక్కడి భోజనం సహించక తానే వండుకోసాగారు. తరువాత భాషాశాస్త్రవేత్త అయిన భర్తతో అమెరికా చేరారు. చైనా హోటళ్ళు అక్కడ 19వ శతాబ్దం నుంచే ఉన్నాయి. అయితే అమెరికన్లు తమ ఇళ్ళలోనే ఆ వంట చేసుకోగలగాలని ఆమె ఒక పుస్తకం వ్రాయపూనుకున్నారు. ఆమె చైనా భాషలో వ్రాస్తే పెద్ద కుమార్తె ఇంగ్లీషులోకి మార్చింది, భర్త దిద్దారు. 'హౌ టు కుక్ అండ్ ఈట్ ఇన్ చైనీస్' అనే ఆ పుస్తకం 1945లో వెలువడింది.

ఒక్కచోట చిక్కు వచ్చింది. బాణలిని బాగా కాగనిచ్చి, కొద్దిగా నూనె వేసి, చిన్నగా తరిగిన ముక్కలను ఆపకుండా కలుపుతూ చకచకా వేయించటం చైనా వంటలో ముఖ్యమైన పద్ధతి. దీనికి ఇంగ్లీషులో సరైన మాట లేదు. కలపటం, వేయించటం రెండూ తెలిసేలా ఆ పుస్తకంలో 'స్టర్ ఫ్రై' అన్నారు. ఇప్పుడది ఇంగ్లీషు నిఘంటువులలో ఉన్నది.

ముక్కలు చిన్నవిగా ఎందుకు ఉండాలి? 4 సెం.మీ. భుజం గల ఘనాకారపు ముక్క ఉపరితల వైశాల్యం 96 చదరపు సెం.మీ. దాన్ని 1 సెం.మీ. ఘనాలుగా కోస్తే 64 ముక్కలవుతాయి. వాటి మొత్తం వైశాల్యం 384 చదరపు సెం.మీ. అంటే నాలుగు రెట్లు! వేడి ముక్క నడిమికి చేరవలసిన దూరం కూడా 2 సెం.మీ. నుంచి అర సెం.మీ.కు తగ్గుతుంది. అందుచేత వంట త్వరగా ముగుస్తుంది, వంటచెరకు ఆదా అవుతుంది. నీళ్ళు పారబోయటం లేదు గనుక, నీటిలో కరిగే సి విటమిన్ అంతగా నష్టపోదు.

మరి మంట ఎక్కువగా ఎందుకుండాలి? కూరగాయలలో నీరు ఉంటుంది. అది ఆవిరైపోయేంత వరకు ముక్క ఉపరితలం 100 డిగ్రీల సెంటీగ్రేడును పెద్దగా దాటదు. కమ్మని వాసన, ఎర్రని రంగు రావటానికి సుమారు 140 డిగ్రీలు కావాలి. బాణలి నిండా ముక్కలు పోస్తే బాణలి చల్లబడుతుంది, నీరు నిలుస్తుంది. అప్పుడు ముక్కలు వేగవు, ఉడుకుతాయి. కారణం తెలియకుండా వండితే వచ్చే తంటా ఇదే.

చేసి చూడండి: పెద్దల సాయంతో ఒక బంగాళాదుంప నుంచి 4 సెం.మీ. ముక్క ఒకటి, 1 సెం.మీ. ముక్కలు కొన్ని కోయండి. అన్నిటినీ మరిగే నీటిలో ఏడెనిమిది నిమిషాలు ఉంచి తీయండి. చల్లారాక పెద్ద ముక్కను నడిమికి కోసి చూడండి. లోపల ఇంకా పచ్చిగా ఉన్నదా? ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు.