లోక్‌సభలో ప్రజల మొర

రాష్ట్రపతి, రాజ్యసభ, లోక్‌సభ ఈ మూడును కలిసినదే పార్లమెంటు అనియు, దేశమునకు శాసనములు చేయుట దాని పని యనియు మన విద్యార్థులు పౌరశాస్త్రమున చదివియే యున్నారు. ఇంతవరకు కంఠస్థము చేసి పరీక్షలో వ్రాయుట సులభము. కాని ఒక పల్లెలోని ఓటరు మొర ఢిల్లీలోని సభాభవనమునకు ఏ దారిని చేరును? చేరిన పిమ్మట దాని గతి యేమగును? ఈ ప్రశ్నలకు పాఠ్యపుస్తకములలో తగినంత చోటు దొరకదు. తెలుగు రాష్ట్రములకు వెలుపల తరతరములుగా స్థిరపడిన మనకు ఈ సంగతులు తప్పక తెలిసి యుండవలెను. ఏలయన, మన పిల్లలు తెలుగున చదువుకొనుటకు ఆధారమైన రాజ్యాంగ నిబంధనలను చర్చించి ఆమోదించినది ఆ సభయే. కావున ఈ వ్యాసమున ఆ దారులను క్రమముగా వివరింప దలచితిమి.

సరిహద్దులు గీసిన సభయే రక్షణలను వ్రాసినది

రాజ్యాంగపు 3వ అధికరణము ప్రకారము క్రొత్త రాష్ట్రములను ఏర్పరచుటకును, ఉన్నవాని యెల్లలను మార్చుటకును అధికారము పార్లమెంటుదే. ప్రత్యేకాంధ్ర రాష్ట్రము కొరకు మద్రాసులో నిరాహార దీక్ష బూనిన పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న అసువులు బాసిరి. నాలుగు దినముల పిదప, డిసెంబరు 19న, ప్రధానమంత్రి నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రము నేర్పరచుటకు నిశ్చయించిన సంగతిని లోక్‌సభలో ప్రకటించిరి. పార్లమెంటు చేసిన చట్టము ననుసరించి 1953 అక్టోబరు 1న ఆ రాష్ట్ర మవతరించెను. ఆ చట్టము వలననే బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరగా, బళ్లారి పట్టణము మైసూరు రాష్ట్రమునకు పోయెను. తరువాత 1959లో చేసిన మరియొక చట్టము వలన 1960 ఏప్రిలు 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరెను.

గీత ఎంత జాగ్రత్తగా గీసినను, ఇరుప్రక్కలను కొందరు మిగిలిపోవుదురు. ఆంధ్రమున కన్నడిగులు, తమిళులు, ఒడియా వారు మిగిలినట్లే, పొరుగు రాష్ట్రములలో తెలుగువారు మిగిలిరి. 1953లో నియమింపబడిన రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ సంఘము ఈ సంగతిని గుర్తించెను. ఫజల్ అలీ, హృదయనాథ్ కుంజ్రూ, కె. యం. పణిక్కర్ గారలు అందు సభ్యులు. భాషాల్పసంఖ్యాకుల పిల్లలు ప్రాథమిక దశలో మాతృభాషయందు విద్య పొందుటకు రాజ్యాంగమున గుర్తింపు ఉండవలెనని వారు 1955 సెప్టెంబరులో సమర్పించిన నివేదికలో కోరిరి. ఈ రక్షణల అమలునకు గవర్నర్ల సేవలను వినియోగించుకొనవలెనని కూడ సూచించిరి.

ఆ నివేదికపై పార్లమెంటులో విస్తారముగా చర్చ జరిగెను. సభలోను వెలుపలను వెలువడిన అభిప్రాయములను గమనించి ప్రభుత్వము గవర్నర్ల పద్ధతిని విడిచి, కేంద్రమున ఒక ప్రత్యేకాధికారిని నియమించుటకు పూనుకొనెను. 1956 నాటి ఏడవ రాజ్యాంగ సవరణ ద్వారా 350-ఎ, 350-బి అధికరణములు చేర్పబడెను. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును, ప్రతి స్థానిక సంస్థయు ప్రయత్నింపవలెనని మొదటిది చెప్పుచున్నది. అందుకు అవసరమైన ఆదేశములను రాష్ట్రములకు ఇచ్చు అధికారము రాష్ట్రపతికి కలదు. రెండవ దానిని బట్టి ప్రత్యేకాధికారి ఈ రక్షణల అమలును పరిశీలించి రాష్ట్రపతికి నివేదిక నిచ్చును. ఆ నివేదికను పార్లమెంటు ఉభయసభల ముందు ఉంచి, సంబంధించిన రాష్ట్ర ప్రభుత్వములకు పంపవలెను. ఈ కార్యాలయము 1957లో ఏర్పడెను. సభ ముందుంచిన నివేదికను గూర్చి సభ్యుడు ప్రశ్నింపవచ్చును. అదియే ఈ యేర్పాటులోని బలము.

ప్రతినిధి ఎవరికి ప్రతినిధి?

లోక్‌సభకు ఎన్నిక యగు సభ్యులు 543 మంది. ఒక్కొక్కరు ఒక్కొక్క నియోజకవర్గమునకు ప్రతినిధులు. భాషను బట్టి స్థానములు కేటాయింపబడలేదు. కావున తన నియోజకవర్గములోని ఓటర్లందరికిని, తనకు ఓటు వేయని వారికి సైతము, ఆ సభ్యుడు ప్రతినిధియే.

యానామును ఉదాహరణముగ తీసికొందము. గోదావరి తీరమున నలువైపుల ఆంధ్రప్రదేశముచే చుట్టబడిన ఈ చిన్న ప్రాంతము 1954 వరకు ఫ్రెంచి పాలనలో నుండెను. పుదుచ్చేరి, కారైక్కాల్, మాహె, యానాము ఈ నాలుగును కలిసి లోక్‌సభలో ఒకే స్థానము. తమిళము, మలయాళము, తెలుగు మాటలాడు ఓటర్లందరికిని సభ్యుడొక్కడే. యానాము వారి సమస్య సభలో వినిపింపవలెనన్నచో వందలాది మైళ్ల దూరమున నుండు ఆ సభ్యునికి మొదట తెలియవలెను.

మనవారిలో కొందరు పొరపాటున, ఇది తెలుగు సమస్య గనుక తెలుగు రాష్ట్రపు సభ్యునికే చెప్పవలెనని తలంచుచుందురు. ఆయన సానుభూతితో వినవచ్చును, సభలో మాటలాడవచ్చును. కాని మన ఓటుతో ముడిపడిన వాడు మన నియోజకవర్గపు సభ్యుడు. ఆయన మాతృభాష కన్నడమైనను, ఒడియా యైనను, మరాఠీ యైనను మన మొరను వినుట ఆయన విధి. పి. వి. నరసింహారావు గారు 1984లోను 1989లోను మహారాష్ట్రలోని రామ్‌టేక్ నుండియు, 1996లో ఒడిశాలోని బరంపురము నుండియు లోక్‌సభకు ఎన్నికైరి. మరాఠీ, ఒడియా ఓటర్లు తెలుగువానిని తమ ప్రతినిధిగ నెన్నుకొనగలిగినప్పుడు, మనము అన్యభాషీయుడైన సభ్యుని మన ప్రతినిధిగ భావించుటకు సంకోచింప నవసరము లేదు.

మొర చేరు దారులు

వీనిలో మొదటిది ప్రశ్నోత్తర సమయము. లోక్‌సభ కూడిన దినమున ఉదయము 11 గంటలకు ఇది మొదలగును. సభ్యులు కనీసము 15 దినముల ముందుగ నోటీసు ఇచ్చెదరు. ఎవరి ప్రశ్నలు రావలెనో చీటీలు వేసి నిర్ణయింతురు. నక్షత్రపు గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలో నోటితో సమాధానము చెప్పవలెను. దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చును. ఇట్టివి దినమునకు 20. గుర్తు లేనివాటికి వ్రాతమూలకముగ సమాధానము వచ్చును. అవి 230 వరకు ఉండును.

ప్రశ్నకు గల శక్తిని 1957 నాటి ముంద్రా వ్యవహారము చాటినది. క్రొత్తగా ఏర్పడిన జీవిత బీమా సంస్థ ఒక వ్యాపారికి సంబంధించిన కంపెనీల వాటాలను కోటి రూపాయలకు మించిన సొమ్ముతో కొనిన సంగతి సభలో ప్రశ్నల ద్వారా బయటపడెను. ఫిరోజ్ గాంధీ గారు తాము పాలకపక్షమునకు చెందిన వారయ్యును, డిసెంబరు 16న ఆ విషయమును సభలో గట్టిగ నిలదీసిరి. జస్టిస్ చాగ్లా గారి విచారణ జరిగెను. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి. టి. కృష్ణమాచారి గారు పదవికి రాజీనామా చేసిరి. పాలసీదారులు దాచుకొనిన సొమ్మునకు కాపలాదారు సభయే యని ఆనాడు దేశము తెలిసికొనెను.

రెండవది ప్రశ్నోత్తర సమయము ముగిసిన వెంటనే వచ్చు జీరో అవరు. ఈ పేరు సభా నియమావళిలో లేదు, ఆచారముగ స్థిరపడినది. అత్యవసర విషయములను సభ్యులు ఇందు క్లుప్తముగ ప్రస్తావింతురు. నియమావళిలోని 377వ నియమము క్రింద నియోజకవర్గపు సమస్యలను వ్రాసికొని చదువు పద్ధతియు కలదు.

మూడవది బడ్జెటు చర్చ. ఒక్కొక్క శాఖకు కోరిన పద్దుపై సభ్యులు కోత తీర్మానములు ప్రతిపాదింపవచ్చును. ఒక నిర్దిష్టమైన ప్రజా ఇబ్బందిని వెల్లడించుటకై పద్దులో 100 రూపాయలు తగ్గింపవలెనని కోరుట వానిలో ఒకటి. కోట్ల రూపాయల పద్దులో నూరు రూపాయలు తగ్గించినందువలన ఖజానాకు మిగులున దేమియు లేదు. కాని ఆ నెపముతో ప్రజల ఇబ్బంది సభలో వినబడును, మంత్రి బదులు చెప్పవలసి వచ్చును.

నాలుగవది అర్జీ. సాధారణ ప్రజాప్రయోజనము గల విషయమును గూర్చి పౌరులు స్వయముగ లోక్‌సభకు అర్జీ పెట్టుకొనవచ్చును. అర్జీల సంఘము దానిని పరిశీలించును. సభ్యుని ద్వారా సమర్పించునప్పుడు ఆయన దానిపై సంతకము చేయవలెను. అర్జీ తెలుగున వ్రాసినచో, హిందీ లేక ఆంగ్ల అనువాదమును అర్జీదారు సంతకముతో జతపరుపవలెను.

ఐదవదానిని చాలమంది ఎరుగరు. ‘పరిశీలించెదము’, ‘ఆలోచనలో నున్నది’ అని మంత్రి సభలో చెప్పిన మాట గాలిలో కలిసిపోకుండ చూచుటకై 1953లో ప్రభుత్వ హామీల సంఘము ఏర్పడెను. ఇట్టి మాటలను హామీలుగ నమోదు చేసి, మూడు మాసములలో నెరవేరినవో లేదో ఆ సంఘము విచారించును. మరియు 1993 నుండి శాఖల వారీగ స్థాయీ సంఘములు పనిచేయుచున్నవి. సభలో తొందరగ సాగు చర్చకంటె అచ్చట తీరికగ పరిశీలన జరుగును.

ప్రశ్నను రూపొందించు విధము

ఈ దారులన్నియు తెరచియున్నను, విషయము కేంద్ర ప్రభుత్వ బాధ్యతకు లోబడినది కావలెను. ఇందే అనేకుల మొరలు త్రోవ తప్పుచున్నవి. ‘ఫలానా ఊరి పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుని ఖాళీ ఏల భర్తీ కాలేదు?’ అను ప్రశ్న న్యాయమైనదే. కాని ఆ నియామకము రాష్ట్ర ప్రభుత్వముది. కనుక పార్లమెంటులో అది అంగీకరింపబడదు. దానిని శాసనసభ్యుని ద్వారా రాష్ట్ర శాసనసభలో అడిగింపవలెను.

అదే బాధను పార్లమెంటు సభ్యుడు మరియొక విధముగ అడుగగలడు: ‘ప్రాథమిక దశలో మాతృభాషా బోధనను గూర్చి ప్రత్యేకాధికారి తన నివేదికలో చూపిన లోపములపై కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములతో ఏమి సంప్రదించినది? 350-ఎ అధికరణము క్రింద ఆదేశముల నిచ్చు ఆలోచన కలదా?’ ఇది కేంద్రపు బాధ్యతకు చెందినది. 1976 నాటి 42వ సవరణ వలన విద్య ఉమ్మడి జాబితాలోనికి వచ్చినందున చర్చకు అవకాశము మరింత విశాలమైనది.

ఇచ్చట లెక్కల ప్రాముఖ్యమును గుర్తింపవలెను. పాఠశాలలో 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని పిల్లలున్నచో మాతృభాషా ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949 ఆగస్టులో రాష్ట్ర విద్యామంత్రుల సమావేశము తీర్మానించెను. కావున ‘మా ఊర తెలుగువారు చాలమంది కలరు’ అను మాట చాలదు. ఏ తరగతిలో ఎందరు, ఏ సంవత్సరమున ఎందరు తలిదండ్రులు కోరిరి, అర్జీ ఏ తేదీన ఇచ్చిరి, ఏ జవాబు వచ్చెను అను వివరములు వ్రాతలో నుండవలెను. వివరములు లేని సభ్యుడు మంత్రి సమాధానము విని ఊరకుండును. ఉన్నవాడు అనుబంధ ప్రశ్న వేయును.

సభలో మాతృభాష

పార్లమెంటు కార్యక్రమము హిందీలో గాని ఆంగ్లములో గాని జరుగునని 120వ అధికరణము చెప్పుచున్నది. ఆ భాషలలో తన భావమును చక్కగ తెలుపలేని సభ్యునికి మాతృభాషలో మాటలాడుటకు సభాపతి అనుమతి నీయవచ్చును. నేడు తెలుగు ప్రసంగమును వెంటవెంటనే అనువదించి వినిపించు ఏర్పాటు కలదు. సభాపతి స్థానమును తెలుగు ప్రాంతములవారైన మాడభూషి అనంతశయనం అయ్యంగార్, నీలం సంజీవరెడ్డి, జి. యం. సి. బాలయోగి గారలు అలంకరించిరి. బాలయోగి గారి అమలాపురము నియోజకవర్గము యానామునకు పొరుగుననే యున్నది.

పరిమితులును, మన విధియు

పార్లమెంటు సర్వరోగ నివారిణి యని మేము చెప్పబోవుట లేదు. సంఖ్యాబలము లేని వర్గముల మాటకు ఓట్ల లెక్కలో బరువు తక్కువ. మంత్రులు కొన్ని వేళల సూటిగ జవాబు చెప్పరు. సభలో అల్లరి చెలరేగినప్పుడు మొదట నష్టపోవునది ప్రశ్నోత్తర సమయమే. 2020 సెప్టెంబరులో మహమ్మారి కారణముగ ఆ సమావేశమున నోటి ప్రశ్నల కార్యక్రమమే జరుగలేదు. వ్రాతమూలక సమాధానములు మాత్రమే లభించెను. ఒక గంట పోయినచో ఇరువది ప్రశ్నలు పోవును. వాని వెనుక ఎన్ని పల్లెల మొరలుండునో విద్యార్థులు ఆలోచింపవలెను.

అయినను, 1956లో ప్రత్యేకాధికారి పదవి ఏర్పడుటకు సభ్యుల మాటలు తోడ్పడినవి. ఆ సభ్యులకు ఆ మాటలను అందించినవారు సామాన్య ప్రజలే. పై తరగతుల విద్యార్థులు తమ సాహిత్య సమితిలో ఒకనాడు సభ జరిపి, ఒకరు సభాపతిగ, ఒకరు విద్యామంత్రిగ, తక్కినవారు సభ్యులుగ నుండి, మన పాఠశాలల సమస్యపై ప్రశ్నోత్తరములు నడుపవలెనని మా కోరిక. ప్రశ్నను కేంద్రమునకు చెందినట్లుగ వ్రాయుట, అంకెలు సేకరించుట, ఎదుటివారి సమాధానమును ఓపికతో వినుట, పిదప అనుబంధ ప్రశ్న వేయుట వారికి అలవడును. నేడు ఇట్లు నేర్చినవారు రేపు ఓటర్లయి తమ సభ్యుని యొద్దకు వట్టి చేతులతో పోరు.