వినపడకపోతే వినపడలేదని చెప్పు

కాకినాడ

చిరంజీవి వాసుకి,


మీ ఆవిడ ఫోన్ చేసిందిరా. రెండు చెవులకీ మిషన్లు కొన్నావట, నాలుగు రోజులు పెట్టుకుని బీరువాలో పడేశావట. "అక్కర్లేనివన్నీ వినపడుతున్నాయి, కావలసింది వినపడటం లేదు" అన్నావట. ఉన్నమాటే అన్నావు. ఇన్నేళ్ళూ చెవికి అందని ఫ్యాను రొద, కంచంలో గరిటె చప్పుడు, పేపరు మడత, అన్నీ ఒక్కసారి మీద పడతాయి. నీ గొంతే నీకు బిందెలోంచి వచ్చినట్టుంటుంది. వీటిలో ఏది వినాలి, ఏది వదిలెయ్యాలి అన్నది మెదడు మళ్ళీ అలవాటు చేసుకోవాలి. దానికి కొన్ని వారాలు పడుతుంది, కొందరికి నెలలు. ముందు ఇంట్లో, టీవీ కట్టేసి, ఒకళ్ళతో మాట్లాడుతూ పెట్టుకో. తర్వాత వీధిలోకి, ఆ తర్వాత బ్యాంకుకి. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ మాత్రమే తీస్తానంటే అది ఏనాటికీ అలవాటు కాదు.

నీ వినికిడి పరీక్ష కాగితం, ఆ ఆడియోగ్రామ్ కూడా తను వాట్సాప్‌లో పంపింది. ఎర్ర సున్నాలు కుడి చెవి, నీలం ఇంటూ గుర్తులు ఎడమ చెవి. 1000 హెర్ట్జ్ దాకా రెండు గీతలూ బాగానే నడిచి, 2000 దాటాక జారిపోయాయి. నీ అవస్థంతా ఆ జారుడులోనే ఉంది. అచ్చుల బలం చాలావరకు తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది కాబట్టి ఎవరో మాట్లాడుతున్నారని నీకు తెలుస్తుంది. స, శ, చ, త లాంటి హల్లుల ఆనవాళ్ళు పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటాయి, పైగా అచ్చుల కంటే మెల్లగా పలుకుతాయి. అవి జారిపోతే మాట వినపడుతుంది, ఏం మాటో తెలియదు. వడ్డించేవాళ్ళు "చాలా?" అంటే నువ్వు "పాలు వద్దు" అంటావు. ఇంట్లోవాళ్ళేమో "వీడికి కావలసినవి మాత్రం బాగానే వినపడతాయి" అని దెప్పుతారు. పోనీ గట్టిగా అరుస్తారా, అరిస్తే పెరిగేవి ముఖ్యంగా అచ్చులే. కాస్త నిదానంగా, నీ మొహం చూసి చెబితే చాలు.

ఇంతకీ నేను చెప్పదలుచుకున్నది మిషన్ గురించి కాదు. నువ్వు తలూపడం మానెయ్యాలి.

మా స్టాఫ్‌రూములో ఒక మాస్టారు ఉండేవారు. ఎవరు జోకు వేసినా అందరికంటే ముందు ఆయనే నవ్వేవారు. వరండాలో వెనకనుంచి పిలిస్తే మాత్రం పలికేవారు కాదు. రిటైరయ్యేదాకా ఆయనకి వినికిడి తక్కువని సగం మందికి తెలియదు. పొగరనుకున్నారు. చెవుడు బయటపడకుండా దాచుకున్నందుకు ఆయనకి మిగిలింది ఆ పేరు.

నీ ఉద్యోగమా, కౌంటర్లో. మధ్యన అద్దం, పక్కన నోట్లు లెక్కపెట్టే మిషను. అవతలాయన ఇరవై వేలన్నాడో అరవై వేలన్నాడో తెలియక నవ్వి తలూపితే సాయంత్రం లెక్క ఎక్కడ తేలుతుంది? "నాకు వినికిడి కాస్త తక్కువండీ, ఇటు చూసి చెప్పండి" అను. మొదటిసారి నోరు పెగలదు. కానీ చెప్పాక మన జనం ఇట్టే సర్దుకుంటారు, కొంచెం అతిగానే సర్దుకుంటారు. వాళ్ళని "అంత అరవక్కర్లేదండీ" అని ఆపడమే పెద్ద పని.

ఊరికే "ఏంటీ?" అనకు. అంటే మొత్తం మళ్ళీ మొదట్నుంచీ, అదే వేగంతో చెబుతారు. నీకు అందినది నువ్వే చెప్పి, అందనిది అడుగు: "డబ్బు తియ్యాలన్నారు, ఎంతన్నారు?" అంకె అయితే స్లిప్పు మీద చూపించమను. పెదాలు చూస్తే చాలా తెలుస్తుంది కానీ ప, బ, మ మూడింటికీ పెదాలు ఒకేలా కలుస్తాయి, పూర్తిగా వాటినే నమ్ముకోకు.

ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకోండి. వంటింట్లోంచి, మిక్సీ తిరుగుతుండగా కేకలు వద్దు. ఆరుబయట దూరం రెట్టింపయితే మాట సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఎంత ఖరీదైన మిషనయినా మీటరు, రెండు మీటర్ల దూరంలో చేసినంత పని గది అవతలకి చెయ్యలేదు. ముందు పేరు పెట్టి పిలవాలి, నువ్వు తల తిప్పాక సంగతి చెప్పాలి. హోటల్లో గోడకి వీపు ఆనించి కూర్చో, స్పీకర్లకి దూరంగా.

మిషన్ సంగతులు త్వరగా చెప్పేస్తాను. ఎర్ర గుర్తున్నది కుడి చెవికి, నీలం ఎడమకి. బ్యాటరీ స్టిక్కరు పీకాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి అప్పుడు పెట్టు. లోపలున్న జింకు గాలితో కలిస్తేనే కరెంటు పుడుతుంది. మన తీరప్రాంతపు చెమటకి మిషన్లు తొందరగా మూలపడతాయి, రాత్రి సిలికా జెల్ డబ్బాలో పడుకోబెట్టు. స్నానానికీ, తలనూనెకీ ముందు తీసెయ్. కుయ్యిమంటే చెవిలో సరిగా కూర్చోలేదనో, గులిమి అడ్డుపడిందనో అర్థం. పిన్నీసు, అగ్గిపుల్ల జోలికి పోకు, డాక్టరు చేత తీయించుకో. అన్నట్టు, బుజ్జిగాడు పాకుతున్నాడుగా, ఆ బ్యాటరీలు వాడికి అందకూడదు. మింగితే గొంతులో గంటల్లోనే పుండు చేస్తాయి. అనుమానం వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి.

ఇంకొకటి గుర్తుంచుకో. ఎప్పుడైనా పొద్దున్నే లేచేసరికి ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోతే, జలుబనుకుని, చుక్కలు వేసుకుని కూర్చోకు. అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్ని చూడు. అలాంటిదానికి మందు తొలి రెండు మూడు రోజుల్లో మొదలెడితేనే ఆశ ఎక్కువ.

కొన్నచోట "ఇంకొంచెం ఖరీదైనది తీసుకోండి" అంటున్నారట. ముందు ఉన్నదాన్ని సరిచేయించు. రీహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టరైన ఆడియాలజిస్టేనా కనుక్కో, చెవిలో సన్నటి గొట్టం పెట్టి మిషన్ శబ్దాన్ని లోపలే కొలిచే పరీక్ష ఉంటుంది, అది చెయ్యమను. అక్కడ కుదరకపోతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ వినికిడి సంస్థ కేంద్రం ఉంది, అక్కడ చూపించుకో.

వెళ్ళేటప్పుడు మీ ఆవిడని కూడా తీసుకెళ్ళు. "బాగాలేదు" అంటే వాళ్ళకేం తెలుస్తుంది? కౌంటర్లో ఆడవాళ్ళ మాట అందటం లేదు, స్టీలు గిన్నె పడితే చెవి గుయ్యిమంటోంది, ఇలా విడివిడిగా కాగితం మీద రాసుకుని ఇద్దరూ వెళ్ళండి. నువ్వు రాయనివి తను రాస్తుంది. అక్కడ ఏమన్నారో ఆదివారం వీడియో కాల్ చేసి చెప్పు, నా చెవులకీ మొహం కనపడితేనే మాట తెలుస్తుంది.

మీ
బాబాయి